మన ఏరియా ఏది?

ఇల్లు కొనేవాడు అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. గజం ఎంత? రిజిస్ట్రేషన్ అవుతుందా? లేఅవుటుకు పర్మిషన్ ఉందా? నల్లా నీళ్లొస్తాయా, బోరేనా? బస్సు ఎంత దూరం, బడి ఎంత దూరం? రేపు అమ్మాలనుకుంటే పెట్టిన డబ్బు వస్తుందా? హైదరాబాదు చుట్టూ ఏ దిక్కుకు పోయినా, నిన్నటిదాకా పేరు కూడా వినని కాలనీలో ప్లాటు చూడటానికి వచ్చిన ప్రతి మధ్యతరగతి మనిషి నోట ఇవే మాటలు.

ముస్లిం అడిగేవి ఇంకొన్ని ఉన్నాయి. వాటిని నోటితో అడగడు. చుట్టూ చూసి తెలుసుకుంటాడు. ఎక్కడైనా మినార్ కనిపిస్తుందా? కిరాణా కొట్టు బోర్డు మీద పేరేమిటి? గేట్ల మీద పేర్లేమిటి? వీధి మొగన ఎగిరే జెండా ఏ రంగుది? బక్రీద్ వస్తే ఈ వీధి ఎట్లా ఉంటుంది? ఎవరైనా పోతే ఖబ్రస్తాన్‌కు ఎంతసేపు మోయాలి? అన్నిటికంటే అడుగున, ఎవరితోనూ అనని ప్రశ్న ఒకటుంది. కుఛ్ హోగయా తో? ఏదన్నా అయితే? ఎటు పరుగెత్తాలి?

అల్లర్ల గురించి రాసుకున్నాం. బాబ్రీ గురించి రాసుకున్నాం. కానీ ఏ అల్లరీ లేని ఒక మామూలు ఆదివారం మధ్యాహ్నం, మోటారు సైకిలు మీద మొగుడూ పెళ్లాం ప్లాటు చూడటానికి పోయినప్పుడు వాళ్ల మనసులో నడిచే లెక్కల గురించి రాసుకున్నది తక్కువ. అస్తిత్వం అంటే ఏమిటో ఆ లెక్కల్లోనే తేలుతుంది. సభలో లేచి నేను ముస్లింనని చెప్పడం తేలిక. ఇరవై ఏళ్ల అప్పు కాగితం మీద సంతకం చేసేముందు ఆ మాట బరువు తెలుస్తుంది.

ఈ లెక్కల వెనక ఒక నీతి ప్రశ్న ఉంది. నలుగురి మధ్య కలిసి ఉండటం నా బాధ్యతా? నా వాళ్ల మధ్య ఉండాలనుకోవడం నా పిరికితనమా? ఇల్లు కొనుక్కోవడం పూర్తిగా నా సొంత విషయమేనా, లేక నేను కొనే ప్రతి గజంతో ఈ నగరం మీద ఇంకో సరిహద్దు గీత గీస్తున్నానా?

ఊళ్లో ఈ ప్రశ్న లేదు. తెలంగాణ పల్లెల్లో ముస్లింల ఇళ్లు చాలాచోట్ల రెండో మూడో, మహా అయితే పదిహేనో. చాకలోళ్ల ఇంటికీ గౌండ్లోళ్ల ఇంటికీ మధ్య ఒక సాయిబు ఇల్లు. గోడ అవతలి మనిషి మనకు మామో బావో. పీర్ల పండుగకు గుండంలో కట్టెలు వేసేవాళ్లలో సగానికి పైగా మనవాళ్లు కాదు. పీరుకు కుడుకలూ చక్కెరా తెచ్చే తల్లి పేరు లక్ష్మమ్మ. ఎవరూ 'కలిసి జీవించడం' అని పేరు పెట్టకుండానే కలిసి బతికారు.

కానీ ఈ జ్ఞాపకాన్ని బంగారు పూత పూసి చూపించడం నాకిష్టం లేదు. అదే ఊళ్లో మాల మాదిగల ఇళ్లు ఊరి బయట ఉన్నాయి. సాయిబుకు ఊరి నడుమ చోటిచ్చిన ఊరు, తన పొలం దున్నే మనిషిని వాడకు తోసింది. 'ఎవరెక్కడ ఉండాలి' అన్నది ఈ దేశంలో అల్లర్లతో పుట్టిన ప్రశ్న కాదు. ఊరు పుట్టినప్పుడే పుట్టింది. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి మరీ వాడకు చోటు నిర్ణయించిన సమాజం మనది. ఈ రోజు నగర శివార్లలో గేటు, గేటుకు వాచ్‌మన్, వాచ్‌మన్ చేతిలో రిజిస్టరు పెట్టుకున్న కాలనీ ఆ ఊరికి కొత్త నకలు. లోపల ఊరు, బయట వాడ. తేడా ఒకటే. వాడలోకి ఇప్పుడు మనల్నీ నెట్టారు. ఈ సంగతి తెలిస్తే దళితుడి బాధ మనకు పరాయిది కాదని తెలుస్తుంది. ఆ బాధ మనకంటే వందల ఏళ్ల పాతదని కూడా తెలుస్తుంది.

ఇక నగరంలో 'కాదు' ఎట్లా అంటారో చూడండి. ఎవరూ కాదనరు. ఫోన్లో మాట్లాడినంతసేపూ అంతా బాగుంటుంది. తెలుగు బాగా మాట్లాడతాం కాబట్టి అవతలివాళ్లకు అనుమానం రాదు. పేరు చెప్పాక ఒక చిన్న నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని గుర్తుపట్టడం మనలో ప్రతివాడూ ఇరవై ఏళ్లు వచ్చేసరికి నేర్చుకుంటాడు. తర్వాత మాటలు మొదలవుతాయి. 'భాయ్, మీరేమీ అనుకోకండి, నాకైతే అభ్యంతరం లేదు, అసోసియేషన్ వాళ్లే...' 'మా అపార్ట్‌మెంట్‌లో అందరూ వెజిటేరియన్లు...' 'నిన్ననే వేరేవాళ్లు బయానా ఇచ్చి పోయారు.' ఇంకా మంచివాళ్లు మన మేలు కోరి చెబుతారు. 'మీకు ఇక్కడ కంఫర్ట్‌గా ఉండదు భాయ్. మీవాళ్ల ఏరియా అయితే మీకే బాగుంటుంది.'

నగరం తూర్పు శివారులో ఒక ఫ్లాటు విషయంలో మా ఇంటివాళ్లకు అచ్చం ఇదే జరిగింది. బయానా తీసుకున్న మనిషి నాలుగో రోజు దాన్ని తిరిగి తెచ్చిచ్చాడు. ఒక్క రూపాయి తగ్గించలేదు. క్షమించమన్నాడు కూడా. మంచివాడే. ఆయన మంచితనమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ద్వేషించేవాడితో పోట్లాడొచ్చు. 'నాకేం లేదు, పక్కవాళ్లే' అనే వందమంది మంచివాళ్లు కలిసి కట్టిన గోడతో ఎవరు పోట్లాడగలరు? పక్కవాడు ఎవడని అడిగితే వాడూ అదే మాట చెబుతాడు. గోడ ఉంటుంది, కట్టినవాడు దొరకడు.

చట్టం దగ్గరికి పోదాం. రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కు ఇచ్చింది. 15వ అధికరణం రెండో క్లాజు ఇంకా ముందుకుపోయి, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోకూడని చోట్ల పేర్లు చెప్పింది. దుకాణాలు, హోటళ్లు, వినోదస్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. అంటరానితనం అనుభవించినవాళ్ల పోరాటం ఆ జాబితా వెనక ఉంది. కానీ అందులో ఇల్లు లేదు. చాయ్ తాగే చోట నన్ను ఆపకూడదు. నిద్రపోయే చోటు అమ్మనంటే మాత్రం ఫలానా చట్టం కింద తప్పు అని చూపించడానికి నా దగ్గర సూటిగా ఏమీ లేదు. అమెరికాలో నల్లవాళ్లకు ఇళ్లు అమ్మకపోవడాన్ని నేరుగా నిషేధించే చట్టం 1968 ఏప్రిల్‌లో వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి అధ్యక్షుడు సంతకం చేశాడు. ఒక చావు కావలసి వచ్చింది. మన దగ్గర సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ ఒకటి పెట్టమని సిఫారసు చేసింది. ఆ కమిషన్ నేటికీ రాలేదు.

అందుకని 'మన ఏరియా'కు పోతాం. మెహదీపట్నం దాటి టోలీచౌకీ, చాంద్రాయణగుట్ట దాటి బండ్లగూడ, ఇంకా దాటి షాహీన్‌నగర్, జల్‌పల్లి. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత పాతబస్తీలో ఈ ఇళ్ల మార్పిడి రెండువైపులా నడిచింది. మన మొహల్లాల్లో తరతరాలుగా ఉన్న హిందువులు ఇళ్లు అమ్ముకొని మూసీ దాటారు. హిందువుల మధ్య ఉన్న మనవాళ్లు ఇళ్లు అమ్ముకొని మన మొహల్లాలకు వచ్చారు. ఎవరూ ఎవరినీ మెడపట్టి గెంటని చోట కూడా ఇది జరిగింది. అమ్మినవాళ్లు తక్కువకు అమ్మారు. కొన్నవాళ్లు ఎక్కువకు కొన్నారు. మధ్యలో భయం కమీషన్ తిన్నది.

మన ఏరియా ఏమిస్తుందో కాదనలేం. అజాన్ వినిపిస్తుంది. రంజాన్‌లో సహర్ వేళ పక్కింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తే ఒంటరితనం ఉండదు. పేరు చెప్పాక నిశ్శబ్దం ఉండదు. పిల్లవాడు బడి నుంచి వచ్చి 'మనం పాకిస్తానోళ్లమా అబ్బా?' అని అడగడు. మనిషి మనిషిలా ఊపిరి పీల్చుకోవడానికి ఒక చోటు కావాలి. దాన్ని ఘెట్టో అని తేలిగ్గా అనేవాళ్లకు ఆ ఊపిరి విలువ తెలియదు.

అయితే దానికి మనం చెల్లించే ధర కూడా లెక్కేసుకోవాలి. ముస్లింలు అభద్రత వల్ల ఒకేచోట గుమికూడుతున్నారనీ, గుమికూడిన చోటును మునిసిపాలిటీలూ ప్రభుత్వాలూ సులువుగా మరిచిపోతున్నాయనీ సచార్ కమిటీ చెప్పింది. నీళ్లు, మురుగుకాలువ, బడి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, బస్సు, బ్యాంకు అన్నిటికీ కొరతే. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను అప్పివ్వడానికి పనికిరాని చోట్లుగా గుర్తు పెట్టుకున్న సంగతీ ఆ నివేదికలోనే ఉంది. ఒకపక్క బ్యాంకు రాదు. ఇంకోపక్క వడ్డీ హరామ్ కాబట్టి మనలో చాలామంది బ్యాంకుకు పోరు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ దాని ఫలితం చూడండి. బ్యాంకు అప్పు ఇచ్చేముందు దాని వకీలు పాత లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేస్తాడు. గల్ఫ్‌లో ఎండకు మాడి పంపిన నగదుతో కొనేటప్పుడు తిరగేసేవాడు ఎవడూ లేడు. యాభై, ఎనభై గజాల ముక్కలు నోటరీ కాగితం మీద చేతులు మారతాయి. ఆ కాగితంతో రిజిస్ట్రేషన్ ఆఫీసులో హక్కు పుట్టదు. అడిగితే మాత్రం 'అప్నాచ్ ఏరియా హై మియా, క్యా డర్' అంటాడు అమ్మేవాడు.

ఆ డర్ 2020 అక్టోబరు 13 రాత్రి తెలిసింది. ఆ వానకు నగరంలో అన్ని మతాల కాలనీలూ మునిగాయి. చెరువు మతం చూడదు. కానీ ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీలో ఇళ్లు ఎట్లా మునిగాయో చూసినవాళ్లు మరిచిపోరు. జల్‌పల్లి వైపు ఉస్మాన్‌నగర్‌లో వాన ఆగిన తర్వాత కూడా నెలల తరబడి నీళ్లు ఇళ్లలోనే నిలిచాయి. చెరువు నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ హద్దు లోపల ప్లాట్లు కోసి అమ్మినవాళ్లలో మనవాళ్లు లేరా? సలాం చెప్పి, బిస్మిల్లా అని బయానా తీసుకొని, చెరువు అమ్మినవాళ్లు లేరా? బయటివాళ్లు తలుపు మూయడం ఒక అన్యాయం. ఆ మూసిన తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్లు మన భయాన్ని గజాల లెక్కన అమ్ముకోవడం రెండో అన్యాయం. మొదటిదాని గురించి గట్టిగా మాట్లాడి రెండోదాని గురించి గుసగుసలాడితే మన మాటకు బలం ఉండదు.

ఇక లౌకికవాద మిత్రులతో ఒక మాట. మీరు తరచూ అంటుంటారు, మీవాళ్లు కలవరు, మీవాళ్లు గుంపుగా ఉంటారు, జనజీవన స్రవంతిలోకి రావాలి అని. మీరు ప్రేమతోనే అంటారని తెలుసు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి. కలవడం ఎవరి పని? పదిమంది ఉన్న ఇంట్లోకి ఒక్కడు వచ్చేటప్పుడు, లేచి చోటివ్వాల్సింది కూర్చున్నవాళ్లా, తోసుకొని కూర్చోవాల్సింది వచ్చినవాడా? వెయ్యి ఇళ్ల కాలనీలో ఒకే ఒక్క ముస్లిం కుటుంబంగా ఉండి, ప్రతి పేలుడు వార్తకూ లిఫ్టులో తల దించుకొని, ప్రతి క్రికెట్ మ్యాచికీ తన గెలుపు చప్పట్లు గట్టిగా వినిపించేలా కొట్టి, దేశ సమైక్యతను నిరూపించే బాధ్యత ఎనిమిదేళ్ల పిల్ల మీద పెట్టడం ఏ నీతి? మీ ఆదర్శానికి మా పిల్లలు ప్రయోగశాల ఎలుకలు కారు.

ఇంకో పేరు గుర్తు చేయాలి. ఎహసాన్ జాఫ్రీ. ఆరో లోక్‌సభ సభ్యుడు. దేశ రాజకీయాల్లో, ప్రధాన స్రవంతి నట్టనడుమ బతికిన మనిషి. అహ్మదాబాదులో చుట్టూ హిందువుల బస్తీలున్న గుల్బర్గ్ సొసైటీలో ఉండేవాడు. 2002 ఫిబ్రవరి 28న ఆయనతో కలిపి 69 మంది అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మాజీ ఎంపీ ఇల్లు కదా, ఇక్కడైతే ఏమీ కాదని పక్కవాళ్లు ఆ ఇంట్లోకి పరుగెత్తుకొచ్చారు. అదే నగరంలో జుహాపురా ఉంది. 1973 సబర్మతి వరదల్లో ఇళ్లు పోయిన పేదలకు, హిందువులకూ ముస్లింలకూ కలిపి కట్టిన ఇళ్లతో మొదలైన చోటు అది. అల్లరి తర్వాత అల్లరి వచ్చి దాన్ని మన దేశంలో అతిపెద్ద ముస్లిం బస్తీల్లో ఒకటిగా మార్చింది. గుజరాత్‌లో 1991 నుంచి కల్లోలిత ప్రాంతాల చట్టం అమల్లో ఉంది. గుర్తించిన ప్రాంతాల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. భయంతో అమ్ముకునేవాళ్లను కాపాడటానికని చెప్పిన చట్టం. నడిచినకొద్దీ ముస్లిం హిందువుల మధ్య ఇల్లు కొనకుండా అడ్డే గోడ అయింది. ఇవన్నీ చూసినవాడు 'ఏదన్నా అయితే' అని అడిగితే పిరికివాడు అనొద్దు. వాడికి చరిత్ర తెలుసు, అంతే.

సరే, భయానికి కారణం ఉందని ఒప్పుకున్నాక, అందరం ఒక్కచోట చేరితే భద్రతా? అదీ పూర్తి నిజం కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చినవాళ్లు నమాజుకు వచ్చినవాళ్లు. తర్వాత పోలీసులు ఎత్తుకుపోయినవాళ్లూ మన మొహల్లాల కుర్రాళ్లే. వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చేసరికి చదువులు పోయాయి, ఉద్యోగాలు పోయాయి. ఒక్కచోట గుమికూడిన సమాజాన్ని వెతకడం సులువు. చిరునామాయే సాక్ష్యం అవుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి. మనం కనిపించని చోట మన గురించి ఏ కథ చెప్పినా నమ్ముతారు. గోడ పక్కన సాయిబు ఉన్న ఊరివాడికి పుకారు చెప్పడం కష్టం. జీవితంలో ఒక్క ముస్లిం ఇంట్లో నీళ్లు తాగని పిల్లవాడికి ఏదైనా చెప్పొచ్చు.

కాబట్టి కలిసి ఉండటం మంచిదని నేనూ అంటాను. కానీ మంచిది అనడం వేరు, అది నీ బాధ్యత అనడం వేరు. ఆ మంచి జరగడానికి అయ్యే ఖర్చంతా బలహీనుడి దగ్గర వసూలు చేయడం అన్యాయం. సింగపూర్‌లో 1989 నుంచి ప్రభుత్వ ఇళ్లలో ఏ భవనంలో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండొచ్చో కోటా పెట్టారు. వాడలు పుట్టకుండా ఆపడానికి. మెచ్చుకోదగిన ఉద్దేశమే. కానీ కోటా నిండినచోట మైనారిటీవాడు ఇల్లు అమ్మాలంటే కొనేవాళ్లు తక్కువై, ధర తగ్గించుకోవాల్సి వస్తుంది. చట్టంతో కలిపినా బరువు చిన్నవాడి మీదే ఎక్కువ పడింది. మెజారిటీ తనంతట తాను కొంచెం జరిగి చోటివ్వని చోట, ఏ ఏర్పాటూ పూర్తిగా న్యాయంగా ఉండదు.

ఇప్పుడు అద్దం మన వైపు తిప్పుదాం. మూసిన తలుపు అన్యాయం అనేవాళ్లం, మన తలుపు సంగతేమిటి? హనఫీ ధర్మశాస్త్రంలో షుఫా అనే హక్కు ఉంది. పొరుగువాడు ఇల్లు అమ్మేటప్పుడు, బయటివాడి కంటే ముందు అదే ధరకు కొనే హక్కు పక్కింటివాడిది. ఇష్టంలేనివాడు పక్కన వచ్చి పడకుండా కాపాడే హక్కు. ఒకప్పుడు ఇల్లూ గోడా దారీ కలిసి ఉన్న కాలంలో దానికి అర్థం ఉండొచ్చు. 1962లో సుప్రీంకోర్టు పొరుగు కారణంగా వచ్చే ఈ హక్కు రాజ్యాంగం ముందు నిలవదని చెప్పింది. వేరే మతం, వేరే కులంవాళ్లను రానివ్వకుండా చేయడానికే ఇది ఉపయోగపడుతుందన్నది కోర్టు చూసిన కారణాల్లో ఒకటి. అదే కోర్టు 2005లో, అహ్మదాబాదులో ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ తన సభ్యత్వం పార్శీలకే అని నియమం పెట్టుకోవడం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. పార్శీలు గుప్పెడుమంది. తమ చోటు తాము కాపాడుకోవాలన్న వాళ్ల ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ఆ తాళంచెవి ఒక్క తలుపుకే పట్టేది కాదు. శాకాహారుల సొసైటీకీ పడుతుంది, అగ్రకులాల కాలనీకీ పడుతుంది. మైనారిటీ కోసం కోసిన తాళంచెవితో మెజారిటీ తన గేటుకు తాళం వేసుకుంటే మనం ఏమంటాం?

ఇంకా దగ్గరికి వద్దాం. జిల్లాల నుంచి వచ్చిన దూదేకులవాళ్లు, ఉర్దూ రాని తెలుగు ముస్లింలు మన 'షరీఫ్' మొహల్లాల్లో ఇల్లు అడిగితే ఏమవుతుంది? 'ఆప్ కౌన్ లోగాఁ?' అన్న ప్రశ్నతో మొదలవుతుంది. అవతలి కాలనీలో పేరు విన్నాక వచ్చే నిశ్శబ్దం ఇక్కడ భాష విన్నాక వస్తుంది. వాడు అక్కడ తురకవాడు, ఇక్కడ సగం ముస్లిం. ఖానదాన్ అడిగి ఇల్లిచ్చేవాడికి, కులం అడిగి ఇల్లిచ్చేవాడిని వేలెత్తి చూపే హక్కు ఎక్కడిది?

ఇంట్లో ఇంకో మనిషిని అడగకుండా ఈ లెక్క ముగించలేం. ఏ ఏరియాలో ఉండాలని మగవాళ్లం చాయ్ హోటల్లో కూర్చొని తేల్చేస్తాం. పొద్దున పోయి రాత్రి వచ్చే మగవాడికి ఇల్లు పడుకునే చోటు. ఏరియా అంటే ఏమిటో రోజంతా అనుభవించేది ఆడవాళ్లు. మా ఇంట్లో ఇల్లు మాట వచ్చినప్పుడు నేను కలిసిమెలిసి ఉండే కాలనీ అన్నాను. మా ఇంటావిడ ఒకే మాట అడిగింది: 'నల్లా దగ్గర, లిఫ్టులో, స్కూలు బస్సు దగ్గర నిలబడేది నేను. నా బురఖాను చూసి పక్కకు జరిగితే ఆ జరగడం మీకు కనపడదు. కలిసి ఉండేది మీరా, నేనా?' నా దగ్గర జవాబు లేదు. మన మొహల్లాయే మేలు అన్నారు పెద్దవాళ్లు. అప్పుడు మా అమ్మాయి అడిగింది: 'అక్కడైతే నేను కాలేజీకి సైకిలు మీద పోతే ఎన్ని కిటికీలు తెరుచుకుంటాయి?' దానికీ జవాబు లేదు. ఒకచోట తల్లిని బయటివాళ్లు కొలుస్తారు. ఇంకోచోట కూతుర్ని లోపలివాళ్లు కొలుస్తారు. భద్రత అనే మాటను మగవాడు ఒక రకంగా, తల్లి ఇంకో రకంగా, కూతురు మరో రకంగా పలుకుతారు. ఈ ముగ్గురి మాటా వినకుండా కొన్న ఇల్లు ఎవరి ఇల్లు?

మరి ఎట్లా ఎంచుకోవాలి? అరబ్బులకు ఒక పాత సామెత ఉంది. ఇంటికంటే ముందు పొరుగు అని. ఖురాన్ పొరుగువాడి హక్కు గురించి చెప్పేటప్పుడు దగ్గరి పొరుగునే కాదు, మనకు చుట్టరికం లేని పరాయి పొరుగును కూడా కలిపి చెప్పింది. నమాజు ఎక్కువ చదివేవాళ్లున్న వీధి అని కొంటున్నాం. ఆ వీధిలో చెత్త పక్కవాడి గడపలో పోసేవాళ్లున్నారా అని అడగడం లేదు. జెండా లేని వీధి అని కొంటున్నాం. ఆ వీధిలో రాత్రి పూట గుండెనొప్పి వస్తే తలుపు తీసేవాళ్లున్నారా అని అడగడం లేదు. పొరుగును మతంతో కొలిచి, అదే భద్రత అనుకుంటున్నాం.

నేను అనేదిది. కాగితాలు ముందు చూడండి. ఈసీ తీయించండి, చెరువు హద్దు ఎక్కడుందో మ్యాపులో చూడండి. మనవాడు అమ్ముతున్నాడని ఈ పని ఆపొద్దు. చూసిన ఇంటికి ఇంకో రోజు, ఇంటి ఆడవాళ్లతో, పొద్దుపోయాక వెళ్లండి. పక్కింటి తలుపు కొట్టండి. అసలు పేరు చెప్పండి. పేరు దాచి కొన్న ఇంట్లో బతుకంతా దాచుకోవడమే అవుతుంది. 'మేం ముస్లింలం, ఈ ఇల్లు చూస్తున్నాం, చుట్టుపక్కల ఎట్లా ఉంటుంది?' అని అడగండి. నిశ్శబ్దం వస్తే వచ్చింది. కానీ ఒక్కోసారి 'లోపలికి రండి, చాయ్ తాగి పోండి' అని కూడా వస్తుంది. ఆ మాట అనేవాళ్లు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. వాళ్లను వెతకకుండానే లేరని తేల్చేస్తే అది కూడా వాళ్ల పట్ల అన్యాయమే.

ఆ తర్వాత మీరు ఏ ఏరియా కొన్నా మీకు ఎవరూ సంజాయిషీ అడగడానికి వీల్లేదు. మొహల్లాలో కొంటే మతతత్వవాదివి కావు, కాలనీలో కొంటే దీన్‌ను వదిలినవాడివి కావు. ఎక్కడ కొన్నా ఒక బాధ్యత మాత్రం మీతో వస్తుంది. రేపు మీ పక్క ఇల్లు అమ్మకానికి వస్తుంది. ఒక దళితుడో, ఒక దూదేకుల మనిషో, ఒక ఒంటరి ఆడదో, మన మొహల్లాలో ఒక హిందువో దాన్ని చూడటానికి వస్తారు. మీ తలుపు కొట్టి, చుట్టుపక్కల ఎట్లా ఉంటుందని అడుగుతారు. అప్పుడు మీరు 'నాకైతే అభ్యంతరం లేదు, పక్కవాళ్లే...' అంటారా?

లౌకిక మిత్రులారా, మీ వీధిలో ఆ మాట వినిపించినప్పుడు మీరు ఏమంటున్నారన్నదే మాకు మీ లౌకికవాదం. సభల్లో మీరు మాతో నిలబడ్డారు, మరిచిపోలేదు. అసోసియేషన్ మీటింగులో నిలబడటం ఇంకా కష్టం. అక్కడ చప్పట్లు ఉండవు, పక్కింటివాళ్లతో మాటలు ఆగిపోతాయి. అయినా అక్కడే నిలబడాలి. నా కూతురు ఈ నగరంలో ఏ వీధినైనా చూసి, నచ్చితే కొని, నచ్చకపోతే వద్దనుకొని, ఆ వద్దనుకోవడానికి కారణం గజం ధరో నీళ్ల ఇబ్బందో మాత్రమే అయిన రోజున, మన ఏరియా ఏది అన్న ప్రశ్న మన ఇళ్లలో ఇంక వినపడదు.